ఐదో రోజు పడిపోయే పీహెచ్: ఎస్‌డీపీ బ్యాగులపై ఒక కేస్ స్టడీ

ప్లేట్‌లెట్లు ఎక్కించినా కౌంట్ పెరగడం లేదని హెమటాలజీ వార్డు నుంచి ఫిర్యాదు వచ్చింది. బ్లడ్ బ్యాంకులో పనిచేసేవాళ్లకు ఈ ఫిర్యాదు కొత్తేమీ కాదు. ఎక్కువసార్లు కారణం రోగిలోనే దొరుకుతుంది: జ్వరం, సెప్సిస్, పెరిగిన ప్లీహం, యాంఫోటెరిసిన్ లాంటి మందులు, లేదంటే పాత ట్రాన్స్‌ఫ్యూజన్ల వల్లో గర్భధారణల వల్లో పుట్టిన హెచ్ఎల్ఏ యాంటీబాడీలు (పరాయి దాత కణాలను గుర్తుపట్టి దాడిచేసే ప్రతిరక్షకాలు). కాబట్టి మేం కూడా ముందు అటే చూస్తాం. ఈసారి చూపు బ్యాగు వైపు మళ్లడానికి కారణం ఒక రోగి లెక్కలు.

ఆ రోగికి అక్యూట్ మైలాయిడ్ ల్యుకీమియా అనే రక్త క్యాన్సర్. కీమో తర్వాత కౌంట్ పడిపోయింది. జ్వరం లేదు, ప్లీహం పెరగలేదు, రక్తస్రావం లేదు. శరీర ఉపరితల వైశాల్యం 1.7 చదరపు మీటర్లు. ఎక్కించిన ఎస్‌డీపీ, అంటే ఒకే దాత నుంచి ఎఫెరిసిస్ యంత్రం మీద తీసిన ప్లేట్‌లెట్లు, ఐదో రోజు బ్యాగు, అంటే నిల్వలో ఐదో రోజుకు చేరినది. ఎక్కించక ముందు కౌంట్ 8 వేలు, గంట తర్వాత 12 వేలు. మా రికార్డు ప్రకారం ఆ బ్యాగులో 5.4×10¹¹ ప్లేట్‌లెట్లు ఉన్నాయి. మన అంకెల్లో 54 వేల కోట్లు.

రెండు మూడు రోజులకు అదే రోగికి మరో బ్యాగు వెళ్లింది. అది రెండో రోజు బ్యాగు, అందులో ఉన్నవి 3.2×10¹¹ మాత్రమే. 9 వేలున్న కౌంట్ గంటకి 31 వేలైంది.

ఇలాంటి చోట ఉత్త కౌంట్ చూస్తే సరిపోదు, సీసీఐ (కరెక్టెడ్ కౌంట్ ఇంక్రిమెంట్) లెక్క వేయాలి. పెరిగిన కౌంట్‌ను శరీర వైశాల్యంతో గుణించి, ఎక్కించిన ప్లేట్‌లెట్ల సంఖ్యతో (10¹¹ యూనిట్లలో) భాగిస్తే వచ్చేదే సీసీఐ. గంటలోపు తీసిన శాంపిల్‌కు 7,500 దాటితే ఫలితం బాగున్నట్టు లెక్క. మొదటి బ్యాగుకు వచ్చింది సుమారు 1,260. రెండోదానికి సుమారు 11,700. ఎక్కువ ప్లేట్‌లెట్లున్న బ్యాగే తక్కువ పని చేసింది.

రెండో దాత హెచ్ఎల్ఏ పరంగా అనుకోకుండా కలిసొచ్చి ఉండొచ్చు కదా అని వార్డు డాక్టరు అడిగారు. న్యాయమైన ప్రశ్న. యాంటీబాడీ స్క్రీనింగ్ చేయించాం, నెగెటివ్ వచ్చింది. రెండు బ్యాగులూ ఏబీవో గ్రూపు కలిసినవే. ఇక రోగిని వదిలేసి మా నిల్వ గది వైపు చూడక తప్పలేదు.

బ్యాగు లోపల జరిగేది

ఎర్రకణాలను ఫ్రిజ్‌లో పెడతాం, ప్లాస్మాను గడ్డకట్టిస్తాం. ప్లేట్‌లెట్లను మాత్రం 20 నుంచి 24 డిగ్రీల మధ్య, ఆపకుండా మెల్లగా ఊపుతూ ఉంచుతాం. అంటే అవి పూర్తి స్థాయిలో బతికే ఉంటాయి. గ్లూకోజ్ తింటాయి, ఆక్సిజన్ పీలుస్తాయి, కార్బన్ డయాక్సైడ్ వదులుతాయి. ఈ శ్వాసంతా బ్యాగు ప్లాస్టిక్ గోడ గుండానే సాగాలి. ఒకప్పటి పీవీసీ బ్యాగుల గుండా గాలి సరిగ్గా ఆడేది కాదు కాబట్టి నిల్వ 3 రోజులకే పరిమితమయ్యేది. పాలియోలెఫిన్, బీటీహెచ్‌సీ అనే ప్లాస్టిసైజర్ (ప్లాస్టిక్‌ను మెత్తబరిచే పదార్థం) వాడిన పీవీసీ లాంటి రెండో తరం బ్యాగులు వచ్చాకే 5 రోజుల నిల్వ సాధ్యమైంది.

ఆక్సిజన్ చాలినంత ఉన్నప్పుడు ప్లేట్‌లెట్లు తమ శక్తిలో అధిక భాగం ఆక్సిజన్ వాడే దారిలోనే తయారు చేసుకుంటాయి. చాలనప్పుడు గ్లైకాలసిస్, అంటే ఆక్సిజన్ అక్కర్లేకుండా గ్లూకోజ్‌ను విడగొట్టే దారి, పెరుగుతుంది. ఒక్కో గ్లూకోజ్ అణువు రెండు లాక్టేట్ అణువులవుతుంది. ఈ లాక్టిక్ ఆమ్లాన్ని ప్లాస్మాలోని బైకార్బొనేట్ కొంతకాలం తట్టుకుంటుంది. లాక్టేట్ లీటరుకు 20 మిల్లీమోల్స్ దాటే సరికి ఆ బైకార్బొనేట్ అడుగంటుతుంది, అక్కడి నుంచి పీహెచ్ జారిపోతుంది, అంటే ద్రవం ఆమ్లంగా మారుతుంది.

మా కేసుకు కీలకం ఈ ‘అక్కడి నుంచి’ అన్న మాటే. పీహెచ్ రోజుకు కాస్త చొప్పున సమానంగా తగ్గదు. మూడో రోజు వరకు 7కు అటూ ఇటూగా ఉండి, అంతా బాగున్నట్టే కనిపించి, నాలుగో రోజు రాత్రికో ఐదో రోజుకో ఒక్కసారిగా పడుతుంది. పీహెచ్ 6.2 కంటే కిందికి దిగితే పళ్లెంలాంటి ప్లేట్‌లెట్లు గోళాలుగా మారిపోతాయి. అలా మారినవాటిలో అధిక భాగం మళ్లీ కోలుకోదు, రోగి శరీరంలోకి వెళ్లినా నిలవదు. అమెరికా నిబంధన నిల్వ చివరికి కనీసం 6.2 ఉండాలంటుంది. యూరప్ ప్రమాణం ఇంకాస్త గట్టిగా 6.4 పైన ఉండాలంటుంది.

మా క్యూసీ (నాణ్యత పరీక్ష) శాంపిళ్లేమో ఎక్కువ భాగం రెండో రోజో మూడో రోజో తీసినవి. రికార్డులన్నీ పచ్చగా కనిపించాయంటే ఆశ్చర్యం లేదు. గడువు తీరే రోజున పరీక్షించమని ప్రమాణాలు చెప్పేది ఊరికే కాదు. కానీ గడువు రోజు వరకు బ్యాగు మిగలదు, మిగిలినా వార్డు అడుగుతుంది. ఈ చిక్కు చాలా సెంటర్లలో ఉన్నదే.

మొదటి వెతుకులాట

ఆ వారం గడువు తీరబోతున్న బ్యాగులన్నీ పక్కన పెట్టించాం. మొదట చేసింది స్విర్లింగ్ పరీక్ష. బ్యాగును వెలుతురుకు ఎదురుగా పట్టుకుని మెల్లగా పిండుతూ తిప్పితే, ఆరోగ్యంగా ఉన్న ప్లేట్‌లెట్లు పట్టుబట్ట మీద నిగారింపు కదిలినట్టు తరగలు తరగలుగా మెరుస్తాయి. పళ్లెం ఆకారం వెలుగును దిశను బట్టి చెదరగొడుతుంది కాబట్టి ఆ మెరుపు. గోళాలైపోతే అది ఉండదు, మబ్బుపట్టిన ద్రవం మాత్రమే కనిపిస్తుంది. ఖర్చులేని పరీక్ష, పది సెకన్ల పని. అయితే చూసే మనిషిని బట్టి ఫలితం మారుతుంది. లైపీమిక్ ప్లాస్మా, అంటే దాత కొవ్వు తిని వచ్చినందువల్ల పాలలా మారిన ప్లాస్మా ఉంటే అసలు చెప్పలేం. అందుకే దాన్ని జల్లెడగా వాడాలి, తీర్పుగా కాదు.

కొన్ని బ్యాగుల్లో స్విర్లింగ్ లేదు. పీహెచ్ చూస్తే 6 చుట్టూ తిరుగుతోంది. గ్లూకోజ్ దాదాపు అయిపోయింది.

ఇలాంటి బ్యాగు కనిపిస్తే ముందు భయపడాల్సింది బ్యాక్టీరియా గురించే. గది ఉష్ణోగ్రతలో, ప్లాస్మాలో, గ్లూకోజ్ మధ్య ఉన్న సంచి సూక్ష్మజీవులకు కల్చర్ మీడియంతో సమానం. పీహెచ్ పడిపోవడం, గ్లూకోజ్ తగ్గడం, స్విర్లింగ్ పోవడం మూడూ వాటి వల్ల కూడా వస్తాయి. కాబట్టి కారణం తేలేవరకు ఆ రాక్ మీది బ్యాగులేవీ బయటికి పంపలేదు. ఏరోబిక్, అనేరోబిక్ రెండు సీసాల్లోనూ కల్చర్ పెట్టించాం. ఏమీ పెరగలేదు. మొదటి 30–40 మిల్లీలీటర్లను విడిగా పట్టే డైవర్షన్ పౌచ్, చర్మం శుభ్రం చేసే పద్ధతి కూడా ఇదే ఊపులో తనిఖీ చేశాం. లోపం కనిపించలేదు.

ఇక్కడ శాంపిల్ గురించి ఒక మాట. పీహెచ్ తక్కువ వచ్చిన బ్యాగుల్లో ఒకటి నిజానికి బాగానే ఉంది. శాంపిల్‌ను ట్యూబింగ్ ముక్కలోంచి నేరుగా తీశారు. ట్యూబులో నిలిచిపోయిన ద్రవం గోడ గుండా ఊపిరి పీల్చలేదు, బ్యాగు ఊగినా అది కలవదు. అందులో పీహెచ్, కౌంట్ రెండూ బ్యాగును ప్రతిబింబించవు. స్ట్రిప్పర్ అనే ట్యూబు పిండే పరికరంతో ట్యూబును కొన్నిసార్లు బ్యాగులోకి నొక్కి, బాగా కలిపి, మళ్లీ నిండనిచ్చి తీస్తే పీహెచ్ 7.1 వచ్చింది. ఇంకొకటి: బ్లడ్ గ్యాస్ ఎనలైజర్ 37 డిగ్రీల దగ్గర కొలుస్తుంది. ప్రమాణం 22 డిగ్రీల విలువ అడుగుతుంటే దాన్ని మార్చి రాయాలి. అదే ద్రవానికి 22 డిగ్రీల దగ్గర విలువ కాస్త ఎక్కువ ఉంటుంది. రిజిస్టరులో ఏ ఉష్ణోగ్రతదో రాయకపోతే రెండు నెలల రికార్డులను పోల్చి చూడటం కూడా కష్టం.

కొట్టేసిన అనుమానాలు

ఉష్ణోగ్రత చార్టు శుభ్రంగా ఉంది. అయినా ప్రోబ్ ఉన్నది పై అరలో కాబట్టి ప్రతి అరలోనూ విడిగా కొలిచాం. తేడా లేదు. బ్యాగులను ఊపే అజిటేటర్ నిమిషానికి 60 ఊపుల దగ్గర సరిగ్గానే నడుస్తోంది. కరెంటు పోయి ఆగిన సందర్భాలున్నా అవి కొద్దిసేపే. మొత్తమ్మీద 24 గంటల లోపు ఆగితే ప్లేట్‌లెట్లు తట్టుకుంటాయన్నది ఈ రంగంలో ఒప్పుకున్న విషయమే.

దాతలు ఆస్పిరిన్ వేసుకుని వచ్చి ఉంటారని ఒకరు గట్టిగా వాదించారు. ఆస్పిరిన్ ప్లేట్‌లెట్‌లోని సైక్లో ఆక్సిజనేస్ అనే ఎంజైమును శాశ్వతంగా మూసేస్తుంది. ఎస్‌డీపీకి అది నిజంగానే ముఖ్యం, ఎందుకంటే రోగికి అందే డోసంతా ఆ ఒక్క దాత నుంచే. అందుకే ఆస్పిరిన్ వేసుకున్న దాతను కనీసం 48 గంటలు, క్లోపిడోగ్రెల్ వాడినవాళ్లను 14 రోజులు ఆపుతారు. కానీ ఆస్పిరిన్ దెబ్బతీసేది పనితనాన్ని. బ్యాగులో పీహెచ్ పడిపోవడానికీ గంటకి కౌంట్ పెరగకపోవడానికీ అది జవాబు కాదు. మందుల చరిత్ర సరిగ్గా అడగాల్సిందే, ఈ కేసుకు మాత్రం సంబంధం లేదు.

తెల్లకణాలు ఎక్కువగా మిగిలితే అవి కూడా గ్లూకోజ్ తింటాయి, సైటోకైన్లనే సంకేత ప్రోటీన్లను వదులుతాయి. లెక్కపెట్టాం, యూనిట్‌కు 5×10⁶ హద్దుకు చాలా కిందే ఉన్నాయి. రేడియేషన్ ఇచ్చిన బ్యాగులు, ఇవ్వనివి రెండు రకాల్లోనూ సమస్య ఉంది, కాబట్టి అదీ కాదు.

మామూలుగా దానం చేసిన మొత్తం రక్తం నుంచి విడదీసే ప్లేట్‌లెట్ యూనిట్లలో, అంటే ఆర్‌డీపీల్లో, సమస్య కనిపించలేదు. వాటిలో నాణ్యత చెడే చోట్లు వేరు: రక్తాన్ని సెంట్రిఫ్యూజ్‌కు ముందే ఫ్రిజ్‌లో పెట్టడం, సూది సరిగ్గా పడక దానం నింపాదిగా సాగి లోపలే గడ్డకట్టే ప్రక్రియ మొదలవడం, పీఆర్‌పీ (ప్లేట్‌లెట్లు ఎక్కువున్న ప్లాస్మా) పద్ధతిలో రెండోసారి వేగంగా తిప్పిన (హార్డ్ స్పిన్) తర్వాత అడుగున చేరిన ముద్దను గంటసేపు కదపకుండా ఉంచకుండా వెంటనే కలిపేయడం. ఇవి జరిగితే గడ్డలు కడతాయి, కౌంట్ తగ్గుతుంది. అయితే ఆర్‌డీపీలు ఎందుకు బాగున్నాయన్న ప్రశ్నే దారి చూపింది. ఒక ఆర్‌డీపీలో 5.5×10¹⁰ ప్లేట్‌లెట్లు 55 మిల్లీలీటర్లలో ఉంటే మైక్రోలీటరుకు 10 లక్షలు. మా రోగికి వెళ్లిన బ్యాగులో 5.4×10¹¹ ప్లేట్‌లెట్లు 230 మిల్లీలీటర్లలో ఉన్నాయి. మైక్రోలీటరుకు 23 లక్షలు దాటింది.

దొరికిన కారణం

విఫలమైన బ్యాగులను కౌంట్ ప్రకారం పేర్చి చూస్తే దాదాపు అన్నీ పై వరుసలోనే ఉన్నాయి. 5 నుంచి 6×10¹¹ మధ్య. అంత కౌంట్ ఒక్క బ్యాగులోకి ఎలా వచ్చింది?

మంచి కౌంట్ ఉన్న దాత నుంచి ఎఫెరిసిస్ యంత్రం ఒకే విడతలో రెండు డోసులు తీయగలదు. ఒక్కో డోసుకు కనీసం 3×10¹¹ ఉండాలి కాబట్టి లక్ష్యం 6×10¹¹ అని పెడతారు. కిట్‌లో రెండు నిల్వ బ్యాగులు ఉంటాయి. దాతకు చేతి నొప్పి వచ్చి ముందే ఆపినా, ఫ్లో తగ్గినా, చివరికి వచ్చేది 5.4 లేదా 5.7. రెండుగా పంచితే ఒక్కోటి 3 కంటే తక్కువ, అంటే ప్రమాణానికి సరిపోదు. అలాంటప్పుడు సిబ్బంది రెండింటినీ ఒక్క బ్యాగులోకి కలిపి ‘హై డోస్’ అని ఒకే యూనిట్‌గా విడుదల చేసేవాళ్లు. రిజిస్టరులో అది గొప్ప యూనిట్‌లా కనిపిస్తుంది. వార్డుకు కూడా సంతోషమే. కానీ రెండు బ్యాగుల గోడలు చేయాల్సిన గ్యాస్ మార్పిడి ఇప్పుడు ఒక్క బ్యాగు గోడ మీద పడింది. ఒక్క బ్యాగులో గరిష్ఠంగా ఎన్ని ప్లేట్‌లెట్లు ఉండొచ్చో, మైక్రోలీటరుకు ఎంత దాటకూడదో తయారీదారు కిట్ కరపత్రంలో రాసే ఉంటుంది. బ్యాగును బట్టి ఆ హద్దు మారుతుంది. మా యూనిట్లు రెండు హద్దులనూ దాటాయి.

దీనికి మరో రెండు తోడయ్యాయి. వారాంతాల్లో నిల్వ పెరిగినప్పుడు అజిటేటర్ అరలో బ్యాగు మీద బ్యాగు పెట్టేవాళ్లు. కింది బ్యాగుకు ఒక పక్క గాలే ఆడదు. ఇక లేబుళ్లు: బేస్ లేబుల్, గ్రూపు స్టిక్కర్, రేడియేషన్ స్టిక్కర్, క్రాస్‌మ్యాచ్ వివరాలు అన్నీ కలిపి ఒక ముఖంలో సగం మూసేశాయి. కాగితం, జిగురు గుండా ఆక్సిజన్ వెళ్లేది అంతంతమాత్రమే. ఒక్కోటి విడిగా చూస్తే బ్యాగు తట్టుకునేదేమో. మూడూ కలిసేసరికి తట్టుకోలేదు.

అనుమానం మీదే పద్ధతులు మార్చడం నాకిష్టం లేదు. దాతల అనుమతితో, వార్డుకు వెళ్లని యూనిట్లతో చిన్న పోలిక పెట్టాం. ఒకే దాత ప్లేట్‌లెట్లను బాగా కలిపి, ఎక్కువ భాగం ఒక బ్యాగులో, తక్కువ భాగం అదే రకం మరో బ్యాగులో ఉంచి రోజూ గ్యాస్, గ్లూకోజ్, లాక్టేట్ కొలిచాం. దాత ఒకరే కాబట్టి తేడా వస్తే బ్యాగులో ఉంచిన ప్లేట్‌లెట్ల సంఖ్య వల్లే. నిండు బ్యాగులో రెండో రోజుకే ఆక్సిజన్ పీడనం దాదాపు అడుగంటింది, లాక్టేట్ రోజురోజుకూ ఎక్కింది, ఐదో రోజుకు పీహెచ్ 6.2 కిందికి జారింది. పక్క బ్యాగులో ఆక్సిజన్ మిగిలింది, పీహెచ్ 7 దగ్గరే నిలిచింది. మూడో రోజు వరకు రెండింటి పీహెచ్‌లోనూ పెద్ద తేడా లేదు. పీహెచ్ కంటే ముందు మాట్లాడేవి ఆక్సిజన్, లాక్టేట్. బ్లడ్ గ్యాస్ యంత్రం అందుబాటులో ఉన్న సెంటరుకు ఇది పెద్ద ఖర్చు కాదు.

ఇక్కడే వార్డు వైపు నుంచి ఒక విషయం బయటపడింది. తక్కువ ఫలితమిచ్చిన మరో యూనిట్‌ను వెనక్కి వెతుక్కుంటూ వెళ్తే, రోగిని స్కానింగ్‌కు తీసుకెళ్లారని నర్సు ఆ బ్యాగును కొన్ని గంటలు వార్డు ఫ్రిజ్‌లో పెట్టినట్టు తేలింది. రక్తం కదా, ఫ్రిజ్‌లో పెట్టాలనుకోవడం సహజం. చల్లబడిన ప్లేట్‌లెట్లు ఆకారం మార్చుకుంటాయి, వాటి పైపొరలోని గ్లైకోప్రోటీన్ గుంపులు కడుతుంది, కాలేయం వాటిని త్వరగా ఏరిపారేస్తుంది. గది ఉష్ణోగ్రత నిల్వే మేలని 1969లోనే మర్ఫీ, గార్డ్‌నర్ చూపించారు. అయితే చల్లని ప్లేట్‌లెట్లు రక్తం ఆపడంలో చురుగ్గానే పనిచేస్తాయి. అందుకే రక్తస్రావం ఉన్న రోగుల కోసం 1–6 డిగ్రీల్లో 14 రోజుల వరకు నిల్వ చేసిన ప్లేట్‌లెట్లను అమెరికా ఎఫ్‌డీఏ 2023లో మార్గదర్శకంలో చేర్చింది. కౌంట్ పెంచాల్సిన ల్యుకీమియా రోగికి మాత్రం అవి పనికిరావు. వార్డుకు వెళ్లే ప్రతి బ్యాగుతో ఇప్పుడు ‘ఫ్రిజ్‌లో పెట్టవద్దు’ అన్న ట్యాగు కట్టి పంపుతున్నాం. దాన్ని బ్యాగు మీద అంటించడం లేదు, దారంతో వేలాడదీస్తున్నాం.

మార్చినవి

అన్నిటికంటే పెద్ద మార్పు యంత్రం లక్ష్యంలో. దాత ముందస్తు కౌంట్, బరువు చూసి, రెండు డోసులు ఖాయంగా వస్తాయనుకుంటేనే 6.6×10¹¹ లక్ష్యం పెడతాం. లేకపోతే ఒక్క డోసే, 3.5 నుంచి 4 మధ్య. మధ్యలోని సంఖ్యల కోసం ప్రయత్నించం. దాత కౌంట్ దానం తర్వాత లక్ష కిందికి పోకూడదన్నది ఎలాగూ పాటించాల్సిందే.

అయినా ఎప్పుడో ఒకసారి 5.5 వస్తుంది. అప్పుడేం చేయాలన్న దాని మీద మాలో ఏకాభిప్రాయం లేదు. రెండు బ్యాగుల్లో ఉంచి, రెండూ ఒకే రోగికి వేర్వేరు రోజుల్లో ఇవ్వాలని నా వాదన. 2010లో వచ్చిన ప్లాడో ట్రయల్ శరీర వైశాల్యపు చదరపు మీటరుకు 1.1, 2.2, 4.4×10¹¹ డోసులను పోల్చింది. రక్తస్రావంలో తేడా కనపడలేదు, తక్కువ డోసు గుంపుకు ట్రాన్స్‌ఫ్యూజన్ల సంఖ్య మాత్రం పెరిగింది. అంటే రక్తస్రావం రాకుండా ముందు జాగ్రత్త కోసం ఎక్కించేటప్పుడు 2.75×10¹¹ బ్యాగు వైద్యపరంగా చెడ్డదేమీ కాదు. కానీ లేబుల్ మీద ప్రమాణం ప్రకారం అది తక్కువ యూనిట్. వార్డు డాక్టరు రాతపూర్వకంగా ఒప్పుకుంటేనే అలా ఇస్తున్నాం. లేదంటే ప్లాస్మా చేర్చి, బ్యాగు హద్దుల్లోకి తెచ్చి, రెండో రోజులోపే పంపేస్తున్నాం.

మిగతావి చిన్నవే. అరకు ఒక్క వరుస, బ్యాగు మీద బ్యాగు లేదు. స్టిక్కర్లన్నీ ఒకే చిన్న లేబుల్‌లో ముద్రిస్తున్నాం. ఎఫెరిసిస్ ముగిశాక బ్యాగును గంటసేపు కదపకుండా ఉంచి, గడ్డలు కరిగాకే అజిటేటర్ ఎక్కిస్తున్నాం. లోపలి గాలి తీసేయకపోతే ఊపులకు నురగ పుడుతుంది, అందుకే దాన్ని కూడా తీసేస్తున్నాం. క్యూసీ శాంపిళ్లలో కొంత భాగం తప్పనిసరిగా గడువు రోజువే ఉండాలని నియమం పెట్టాం. విడుదల సమయంలో స్విర్లింగ్ చూసి సంతకం చేయాలి.

ఆ తర్వాత వచ్చిన క్యూసీ విడతల్లో ఎక్కువ కౌంట్ వల్ల పీహెచ్ పడిన బ్యాగు కనిపించలేదు. వార్డు కూడా గంట కౌంట్‌ను క్రమం తప్పకుండా పంపడం మొదలెట్టింది. నా దృష్టిలో ఇది కూడా అంతే విలువైనది, ఎందుకంటే అది లేకపోతే ఈ కేసు మొదలే అయ్యేది కాదు.

తేలని చిక్కు ఒకటి మిగిలింది. మామూలు కౌంట్‌తో, ఒంటరిగా పెట్టిన బ్యాగులో కూడా ఒక రెగ్యులర్ దాత ప్లేట్‌లెట్ల పీహెచ్ ఐదో రోజుకు పడిపోతోంది. పాత రికార్డు తీస్తే అంతకుముందు ఇచ్చిన యూనిట్‌దీ అదే కథ. కొందరు దాతల ప్లేట్‌లెట్లు గ్లూకోజ్‌ను వేగంగా తింటాయన్నది ఈ రంగంలో తెలిసిన విషయమే. ఆ దాతకు ఆరోగ్య సమస్యేమీ లేదు, మందులూ లేవు. ప్రస్తుతానికి ఆయన యూనిట్లను మూడో రోజు దాటనివ్వడం లేదు. ప్లాస్మాలో చాలా భాగాన్ని తీసి ఎసిటేట్ ఉన్న యాడిటివ్ సొల్యూషన్‌లో (ప్లాస్మాకు బదులు వాడే నిల్వ ద్రావణంలో) ఉంచితే ఎలా ఉంటుందో చూడాలనుకుంటున్నాం. ఎసిటేట్‌ను కాల్చేటప్పుడు ప్లేట్‌లెట్లు హైడ్రోజన్ అయాన్లను కూడా వాడేసుకుంటాయి కాబట్టి కొంత మేలు జరగాలి. కానీ గ్లూకోజ్ పూర్తిగా అయిపోతే యాడిటివ్ కూడా కాపాడలేదు. ఆయన తర్వాతి దానంలో రోజువారీ గ్లూకోజ్, లాక్టేట్ కొలతలకు అనుమతి తీసుకున్నాం.